ఒడ్డు మార్చుకుంటూ ఉత్తరానికి: కలకత్తా నుంచి వేసవి లాంచీ ప్రయాణం ఎలా చేయాలి?

పోయిన మే నెలలో అమలాపురం నుంచి మా బాబాయి, పిన్ని దిగారు. బాబాయి చొక్కా జేబులో పేపర్లోంచి కత్తిరించిన ముక్క ఒకటి ఉంది. నార్వేలో ఓడెక్కి, ఒక్కో రేవు పట్టణంలో ఆగుతూ ఉత్తర ధ్రువం దిక్కుగా పోయి, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూసి రావడం గురించి. ఇంకా కాఫీ చేతికి రాకముందే అడిగాడు: “మనకిలాంటిది లేదురా?”

“ఉంది బాబాయ్. ఇక్కణ్ణుంచి ఉత్తరానికే. రేవు పట్టణాలే. సూర్యుడు మాత్రం ఆరుంబావుకి అస్తమిస్తాడు.”

నేనన్నది హుగ్లీ నది సంగతి. కలకత్తా నుంచి ఎగువకి, రైలు లెక్కన 40 కిలోమీటర్ల లోపలే, ఐదు యూరప్ జాతులు కట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. బ్యారక్‌పూర్ ఇంగ్లీషువాళ్లది, శ్రీరాంపూర్ డేన్‌లది, చందన్‌నగర్ ఫ్రెంచివాళ్లది, చుంచుడా డచ్చివాళ్లది, బాండెల్ పోర్చుగీసువాళ్లది. తెరచాప ఓడలు బంగాళాఖాతంలోంచి సరాసరి ఇక్కడిదాకా వచ్చేవి. కాబట్టి సముద్రం కనబడకపోయినా ఇవన్నీ ఒకప్పుడు ఓడరేవులే. ఈ దారిని మొదటిసారి పట్టేవాళ్ల కోసం, నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

ముందు ఓడ సంగతి తేల్చుకోండి

గదులు, భోజనాలు ఉన్న పెద్ద క్రూజ్ ఓడలు ఈ నది మీద ఉన్నాయి. కలకత్తాలో ఎక్కించుకుని కాల్నా, ముర్షీదాబాద్ మీదుగా ఫరక్కా దిక్కుగా వారం రోజులు తిప్పుతాయి. కానీ వాటి సీజన్ ఎక్కువగా చలికాలం చుట్టూ ఉంటుంది. 2023 జనవరిలో వారణాసి నుంచి బయల్దేరి డిబ్రూగఢ్ దాకా 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు వెళ్లిన గంగా విలాస్ కూడా కలకత్తా మీదుగానే పోయింది. దాని టికెట్ లక్షల్లో. మే నెలలో, పిల్లల సెలవుల్లో, బాబాయి పింఛను డబ్బుల్లో తేలే బేరం కాదు.

మిగిలింది జనం రోజూ ఎక్కే లాంచీ. ఇక్కడే నేను మొదటి తప్పు చేశాను. హౌరా స్టేషను ఎదురుగా ఉన్న రేవులో లాంచీ ఎక్కితే నది వెంట పైకి పోతూనే ఉంటుందనుకున్నాను. టికెట్ కౌంటర్లో చందన్‌నగర్ అని అడిగితే లోపలాయన కళ్లజోడు పైకి జరిపి నన్నొకసారి, వెనకాల సంచుల్తో నిలబడ్డ బాబాయినొకసారి చూసి, బాగ్‌బజార్ దాకా టికెట్లు చించిచ్చాడు. అంతకు మించి ఉత్తరానికి పోయేది ఆ రేవులో లేదు.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే ముక్తేశ్వరం చేరుస్తుంది తప్ప రాజమండ్రి చేర్చదు. హుగ్లీ మీద కూడా అంతే. నగరం వదిలాక లాంచీలన్నీ అడ్డంగా దాటించేవే. నిలువుగా పోవాలంటే రైలు. తూర్పు ఒడ్డున సీల్దా లోకల్, పడమటి ఒడ్డున హౌరా లోకల్, రెండూ నదికి సమాంతరంగా ఉత్తరానికి పోతాయి. మీరు చేయాల్సిందల్లా ఒక ఒడ్డున కొంతదూరం రైల్లో వెళ్లి, దిగి, లాంచీలో ఎదటొడ్డుకి దాటి, అక్కణ్ణుంచి మళ్లీ రైలెక్కడం. బెంగాల్లో పాత చీరల్ని పొరలు వేసి కాంథా కుట్టు కుడతారు చూడండి, సూది ఒకసారి పైకి ఒకసారి కిందికి పోతూ ముందుకు జరుగుతుంది. ఆ వరస గుర్తుపెట్టుకుంటే మ్యాపు అక్కర్లేదు.

పోటు, పాటు, ఆగ్నేయం కాదు వాయవ్యం

వేసవిలో ఈ ప్రయాణాన్ని నడిపేవి మూడు: ఎండ, నది పోటు, సాయంకాలపు గాలివాన. ఎండ సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు. రెంటచింతల చూసినవాళ్లకి కలకత్తా 38 డిగ్రీలు లెక్కలోవి కావనిపిస్తుంది. ఉక్క మాత్రం లెక్కలోకి వస్తుంది. నీడలో కూచున్నా చొక్కా వీపుకి అంటుకుపోతుంది. పొద్దున్న ఆరుకి బయల్దేరి పదకొండుకల్లా ఒక పై కప్పు కింద చేరండి. మళ్లీ నాలుగింటికి లేవండి. మధ్య గంటల్లో గుళ్లు ఎలాగూ చాలావరకు మూసే ఉంటాయి.

పోటు విషయం కొత్తవాళ్లు పట్టించుకోరు. సముద్రం ఇక్కడికి వంద కిలోమీటర్ల పైన దూరమున్నా, రోజుకి రెండుసార్లు నది వెనక్కి పారుతుంది. బెంగాలీలో పోటుని జొయార్ అంటారు, పాటుని భాటా అంటారు. పోటు తొందరగా ఎక్కుతుంది, పాటు నిదానంగా తీస్తుంది. వేళలు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. కోల్‌కతా పోర్టు వాళ్లు పోటు పట్టికలు వేస్తారు. ప్రయాణం రోజుకి ఆ వేళలు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. దీనివల్ల లాభమేమిటంటే, రేవు దగ్గర నీటి మీద తేలే పాంటూన్ ఉంటుంది. ఒడ్డు నుంచి దాని మీదకి ఇనప వంతెన. నిండు పోటులో ఆ వంతెన చదునుగా ఉండి పసిపిల్ల కూడా నడిచిపోతుంది. పాటు అడుగంటినప్పుడు అదే వంతెన నిచ్చెనలా ఏటవాలుగా దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పిన్నిలాంటి వాళ్లని పోటు వేళలోనే దాటించండి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ముందు భాగం గోడలా లేచి నది మీదుగా పరుగెత్తుకొస్తుంది. దాన్ని బాన్ అంటారు. రేవుల్లో ముందే హెచ్చరిస్తారు. ఆ కాసేపు మెట్ల మీద ఫోటోలకి నిలబడకండి. 2017 ఏప్రిల్‌లో భద్రేశ్వర్ దగ్గర తేలినిపాడా రేవులో పోటు తాకిడికి వెదురు జెట్టీ కూలి పలువురు చనిపోయారు. ఇప్పటికీ ఎక్కడైనా వెదురు జెట్టీ మీద జనం కిక్కిరిసి కనబడితే తరవాతి లాంచీకి ఆగండి. పావుగంటలో ఇంకోటి వస్తుంది.

ఇక గాలివాన. మనకి అల్పపీడనం ఆగ్నేయం నుంచి వచ్చే అలవాటు. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో వాయవ్యం నుంచి వస్తుంది. కాల్‌బైశాఖి అని పేరు. మధ్యాహ్నమంతా ఆకు కదలదు. నాలుగైదు గంటల మధ్య వాయవ్య దిక్కు ఇనుములా నల్లబడుతుంది, మట్టివాసన కొట్టే చల్లటి గాలి ఒక్కసారి తగులుతుంది. ఆ తరవాత మీకు పది నిమిషాలే వ్యవధి. లాంచీలు ఆపేస్తారు. కౌంటర్లో వాళ్లతో వాదన పెట్టుకోకుండా టికెట్ షెడ్డులో నిలబడండి, చెట్ల కింద వద్దు. అరగంటలో అన్నీ మామూలైపోతాయి, పైగా పది డిగ్రీలు చల్లబడుతుంది. ఆ వాన తరవాత నది దాటడం కోసమే నేను వేసవి అంటాను.

సంచిలో ఏముండాలి

గొడుగు, నీళ్లసీసా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మెడ చుట్టూ వేసుకోవడానికి ఒక తువ్వాలు, పల్చటి నూలు బట్టలు, జారని చెప్పులు. అన్నిటికంటే ముఖ్యం చిల్లర. లాంచీ టికెట్ పది రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది. ఐదువందల నోటు తీశారో, వెనకాల క్యూ మొత్తం మిమ్మల్ని “దాదా, ఖుచ్‌రో!” అంటుంది. మూడు మాటలు నేర్చుకోండి: “ఓపారే జాబో” అంటే ఎదటొడ్డుకి వెళ్తాను, “జొయార్ నా భాటా?” అంటే ఇప్పుడు పోటా, పాటా, “శేష్ లంచ్ కటాయ్?” అంటే చివరి లాంచీ ఎన్నింటికి. ఈ మూడో మాట విని బాబాయి భోజనం అయిపోయిందేమోనని కంగారుపడ్డాడు. బెంగాలీ నోట్లో లాంచీ లంచ్ అవుతుంది.

మొదటి పూట: సాధన

ఒకేసారి దూరం పోవద్దు. మొదటి పొద్దున్న నగరంలోనే రెండు లాంచీలు ఎక్కి అలవాటు పడండి. మన రైళ్లలో కొన్ని హౌరాలో కాక షాలిమార్‌లో ఆపేస్తాయి, కోరమాండల్ కూడా ఇప్పుడు అక్కడికే. అది చూసుకుని హౌరా రేవుకి రండి. బాగ్‌బజార్ వైపు పోయే లాంచీ ఎక్కి కుడిచేతి పక్క కూర్చోండి. తలెత్తితే హౌరా బ్రిడ్జి పొట్ట కనబడుతుంది. 1943 ఫిబ్రవరిలో తెరిచారు. నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతో బిగించిన ఇరవయ్యారు వేల టన్నుల ఉక్కు. అందులో ఎక్కువ భాగం టాటాలది. పైన బస్సులు పోతున్న మోత కిందికి ఇంకోలా వినబడుతుంది. ఆపైన నీమ్‌తలా శ్మశానం పొగ, ఆహిరీటోలా మెట్ల మీద స్నానాలు, శోభాబజార్. బాగ్‌బజార్‌లో దిగి శ్యాంబజార్ మెట్రోకి వెళ్తే, 2021 నుంచి మెట్రో దక్షిణేశ్వర్ దాకా పోతోంది.

దక్షిణేశ్వర్ గుడిని రాణీ రాస్‌మణి 1855లో కట్టించింది. దర్శనం చేసుకుని గుడి పక్క రేవులోనే బేలూర్ లాంచీ ఎక్కండి. ఇది కలకత్తాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన లాంచీ. రెండు వంతెనల కింద నుంచి, పన్నెండు శివాలయాల వరసని వెనక్కి వదిలేస్తూ, అరగంట లోపు బేలూర్ మఠం మెట్ల దగ్గర దించుతుంది. పదకొండు దాటితే మఠం తలుపులు పడతాయి, మళ్లీ సాయంత్రమే. అందుకని ముందు దక్షిణేశ్వర్, తరవాత బేలూర్. తిరగేస్తే రెండూ పోతాయి. మాకు ఒకటి పోయింది.

రెండో పొద్దున్న: బ్యారక్‌పూర్ నుంచి మొదటి కుట్టు

సీల్దాలో ఆరింటి లోకల్. ముప్పావుగంటలోపు బ్యారక్‌పూర్. 1857 మార్చి 29న మంగళ్ పాండే తిరగబడ్డ కంటోన్మెంట్ ఇదే. కంటోన్మెంటులో చాలా చోట్లకి సైన్యం అనుమతి కావాలి కాబట్టి కొత్తవాళ్లు దాని జోలికి పోకుండా నేరుగా టోటో ఎక్కి ధోబీ ఘాట్‌కి వెళ్లండి. టోటో అంటే మన ఈ-రిక్షాయే.

రైలు మధ్యలో టీటాగఢ్ దాటుతుంది. అక్కడ కిటికీలోంచి జూటుమిల్లుల పొడవాటి గోడలు చూడండి. నదికి రెండు పక్కలా ఈ మిల్లులే. మొదటిది ఎదటొడ్డున రిష్రాలో 1855లో పెట్టారు. వాటిలో పని కోసం ఒకప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్లు వేలల్లో వచ్చారు. టీటాగఢ్, భాట్‌పాడా, జగద్దల్ కూలీ లైన్లలో వాళ్ల మనవలు ఇంకా ఉన్నారు. ధోబీ ఘాట్ క్యూలో పిన్నీ బాబాయీ గొడుగు గురించి తగువులాడుకుంటుంటే, ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి, “ఏటి నాయినా, ఏ ఊరు మీది?” అంది. ఆవిడ ఇచ్ఛాపురం ఎప్పుడూ చూళ్లేదట. వాళ్ల అత్తగారిది ఇచ్ఛాపురం దరి. మాట మాత్రం అక్కడిదే మిగిలింది. బాబాయి కోనసీమ యాసని ఆవిడ, ఆవిడ యాసని బాబాయి, లాంచీ అవతలి ఒడ్డు చేరేదాకా ఒకరినొకరు సరిదిద్దుకుంటూనే ఉన్నారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చింది. దానికి ముఖ్య కారణం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే అయినా, ఈ నదీతీరపు మిల్లు లైన్లని ఎవరూ తలుచుకోకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

శ్రీరాంపూర్: ఇక్కడ తొందర వద్దు

దాటడానికి పది నిమిషాలు. శ్రీరాంపూర్‌ని 1755 నుంచి 1845 దాకా డేన్‌లు ఏలారు. రాజు పేరు కలిపి ఫ్రెడరిక్స్‌నగర్ అనేవారు. వ్యాపారం చచ్చాక, తమిళతీరంలోని తరంగంబాడితో పాటు పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసి పోయారు. రేవు నుంచి నడిచేంత దూరంలోనే 1806 నాటి సెయింట్ ఓలావ్ చర్చి, నది ఒడ్డున డెన్మార్క్ టావెర్న్ ఉన్నాయి. ఈ టావెర్న్ పడవల మీద వచ్చే ప్రయాణికుల కోసం 1786లో పెట్టిన పూటకూళ్లిల్లు. శిథిలమైపోయినదాన్ని బాగుచేసి 2018లో మళ్లీ తెరిచారు. పదకొండు గంటల పై కప్పు ఇదే అనుకోండి.

కానీ తెలుగువాడు శ్రీరాంపూర్ వెళ్లి చూడాల్సింది నది ఒడ్డున పెద్ద స్తంభాలతో ఉన్న కాలేజీ. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1818లో పెట్టారు. అంతకు ముందే, 1800లో, ఇక్కడ అచ్చుకూటం పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ తన ఇలాకాలో మిషనరీలని ఉండనివ్వలేదు, డేన్‌లు ఉండనిచ్చారు. అందుకే కలకత్తాలో జరగాల్సిన పని శ్రీరాంపూర్‌లో జరిగింది. బెంగాలీ, సంస్కృతం, ఒరియా, మరాఠీ, మన తెలుగు, అన్నిటికీ ఇక్కడ అక్షరాలు పోత పోశారు. 1812 మార్చి 11 రాత్రి అచ్చుకూటం తగలబడి, కాగితం, అచ్చులు, రాతప్రతులు బూడిదయ్యాయి. రెండేళ్లకే, 1814లో, కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ఇక్కడే అచ్చయింది. మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం రావడానికి ఇంకా రెండేళ్లుంది. బ్రౌన్ వ్యాకరణానికైతే 1840 దాకా ఆగాలి. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా ఈ రేవు నుంచే పడవెక్కింది. మన భాష సూత్రాలు ఇంగ్లీషులో అచ్చయి, గోదావరికి ఇంత దూరంలో, డెన్మార్కు జెండా కింద ఆరబెట్టుకున్నాయన్నమాట. కేరీ లైబ్రరీ చూడాలంటే కాలేజీ వాళ్లకి ముందుగా రాసి అనుమతి తీసుకోండి. గేటు దగ్గరికెళ్లి బతిమాలితే పని జరగదు, నేను ప్రయత్నించాను.

ఇంకొక సంగతి. కేరీకి కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో ఉద్యోగం. వారం వారం శ్రీరాంపూర్ నుంచి పడవలో దిగువకి పోయి, పాఠాలు చెప్పి, మళ్లీ పడవలో పైకి వచ్చేవాడు. ఏళ్ల తరబడి. నా నోట్‌బుక్‌లో పోటు వేళలు రాసుకునేటప్పుడల్లా ఆయన కూడా ఇదే లెక్క చూసుకునుంటాడనిపిస్తుంది.

ఆషాఢంలో వస్తున్నారా? పక్కనే మాహేష్ జగన్నాథ రథయాత్ర ఉంటుంది. ఆ రోజు దానికోసమే రండి, లేదంటే ఇంకో రోజు రండి. రెండు పనులూ కలిపి కుదరవు.

చందన్‌నగర్: రాత్రికి ఇక్కడే

సాయంత్రం నాలుగయ్యాక శ్రీరాంపూర్ స్టేషన్లో బాండెల్ లోకల్ ఎక్కితే అరగంట లోపే చందన్‌నగర్. ఈ రైలుదారి కూడా సామాన్యమైంది కాదు. తూర్పు భారతంలో మొదటి పాసింజరు రైలు 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి నడిచింది దీని మీదే. స్టేషను నుంచి టోటోలో స్ట్రాండ్‌కి. నది ఒడ్డున కిలోమీటరు పొడవు చెట్ల నీడ, రాతి బెంచీలు, ఊరి జనం సగం అక్కడే. గాలివాన వెలిసిన సాయంత్రం ఈ బెంచీ మీద కూర్చోడానికే ఇంతదూరం వచ్చామని పిన్ని తేల్చేసింది. బాబాయి మాత్రం డూప్లే బంగళా మ్యూజియం మూసేశారని అలిగాడు. మ్యూజియం మర్నాడు పొద్దున్న చూపించాను.

యానాం ఎరిగినవాళ్లకి ఇక్కడ చుట్టరికం వెంటనే తెలుస్తుంది. అదే మాదిరి ఒడ్డు రోడ్డు, అదే ఫ్రెంచి పేర్లు. ఫ్రెంచివాళ్లు 17వ శతాబ్దం చివర్లో ఇక్కడ పాతుకున్నారు. 1731 నుంచి పదేళ్లు డూప్లే చేతికింద ఊరు వెలిగింది. 1757 మార్చిలో క్లైవు, వాట్సన్ ఫిరంగులతో కోట నేలమట్టం చేశారు. ప్లాసీ ఆ తరవాత మూడు నెలలకి. విడిపోయిన తీరు మాత్రం వేరు. చందన్‌నగర్ 1949 జూన్‌లో ఓటేసి భారత్‌లో చేరతానంది, 1950 మే 2న పాలన చేతులు మారింది. యానాం 1954 దాకా ఆగింది. పరాయి ఏలుబడి పక్కనే ఉండటం రెండూళ్లకీ ఒక్కలాగే పనికొచ్చింది. శారదా చట్టం వచ్చాక మన వైపు బాల్యవివాహాలు చేయాలనుకున్నవాళ్లు యానాం పరుగెత్తేవారు, దానికి కల్యాణపురం అన్న పేరు కూడా పడింది. ఇక్కడికి పరుగెత్తింది విప్లవకారులు. 1910 ఫిబ్రవరిలో అరవింద ఘోష్ అరెస్టు తప్పించుకోడానికి రాత్రికి రాత్రి కలకత్తాలో చిన్న పడవెక్కి ఇదే నది మీద ఉత్తరానికి వచ్చి చందన్‌నగర్‌లో తల దాచుకున్నాడు. నెలన్నర తరవాత డూప్లే పేరున్న ఓడలోనే పుదుచ్చేరి చేరాడు.

తినాల్సింది జొల్‌భరా సందేశ్. సూర్య కుమార్ మోదక్ కొట్టు ఎక్కడని ఎవర్నడిగినా చెప్తారు. అచ్చం మన తాటిముంజ ఆకారం, లోపల ముంజ నీళ్లలాగే గులాబీ నీళ్లు. తేలినిపాడా జమీందారింట్లో కొత్తల్లుణ్ణి ఆటపట్టించడానికి చేయించారని కథ చెప్తారు. అల్లుడు కొరికాడు, పట్టుబట్టలు తడిసిపోయాయి. కాబట్టి ప్లేటు మీదకి వంగి, అంచు నుంచి చిన్నగా కొరకండి. ఇదంతా విని కూడా బాబాయి ఒక్కసారే గట్టిగా కొరికాడు. నిజం ముంజలు కూడా వేసవిలో స్ట్రాండ్ దగ్గర బళ్ల మీద దొరుకుతాయి. తాల్‌శాంస్ అని అడగండి. మే చివర్లో హిమ్‌సాగర్ మామిడి వస్తుంది. దాన్ని బంగినపల్లితో పోల్చి బెంగాలీ వాళ్లతో పందెం వేయకండి.

మూడో పొద్దున్న: చుంచుడా, బాండెల్, మళ్లీ అవతలికి

ఈ పూట తేలిగ్గా చెప్పేస్తాను. చుంచుడా డచ్చివాళ్ల ఊరు. సుమత్రాలో తమకేం కావాలో చూసుకుని, 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లకి దీన్ని వదిలేశారు. డచ్చి శ్మశానం ఉంది, గడియారస్తంభం కూడలి ఉంది. ఎండ ముదరకముందే హుగ్లీ ఇమాంబాడాకి వెళ్లండి. హాజీ మహమ్మద్ మొహ్‌సిన్ జ్ఞాపకంగా ఇరవయ్యేళ్లు కట్టి 1861లో పూర్తిచేశారు. గడియారం గోపురానికి రెండు పక్కలా మెట్లు, మగవాళ్లకి ఒకవైపు, ఆడవాళ్లకి ఒకవైపు, ఒక్కో వైపు 152. పైనుంచి చూస్తే మీరు వచ్చిన నది దిగువకి, ఇంకా వెళ్లని నది ఎగువకి. పిన్ని ఎక్కింది. బాబాయి కింద నీడలో ఆగి, మోకాళ్ల సంగతి గుర్తొచ్చిందన్నాడు.

బాండెల్ చర్చిది 1599 నాటి పునాది. 1632లో షాజహాన్ సైన్యం పోర్చుగీసువాళ్ల మీద పడ్డప్పుడు నేలమట్టమైతే మళ్లీ కట్టారు. పోర్చుగీసువాళ్లు వదిలిపోయిన పొగబెట్టిన చీజ్ బిళ్లలకి ఈ ఊరి పేరే ఉంది గానీ అవి దొరికేది కలకత్తా న్యూమార్కెట్లో. ఉప్పు ఎక్కువ, రాత్రంతా నీళ్లలో నానబెట్టుకుని తినాలి.

తిరుగు కుట్టు చుంచుడా రేవు నుంచి నైహతికి. బంకించంద్రుడు ఈ రెండు ఒడ్ల మనిషి. పుట్టిల్లు నైహతి పక్క కాంఠాల్‌పాడా, ఉద్యోగరీత్యా కాపురమున్న ఇల్లు చుంచుడా జోడాఘాట్. లాంచీలో ఎవరో ఒకరు రెండు ఇళ్లూ వేలుపెట్టి చూపిస్తారు. నైహతి రేవు నుంచి స్టేషనుకి పది నిమిషాల నడక, సీల్దాకి గంట. లోకల్లో వెండర్ల పెట్టె ఎక్కకండి. చేపల బుట్టలు, తడి మూటలు ఉంటాయి.

ఇంకా పైకి పోవాలనుంటే, అదే కుట్టు. శాంతిపూర్ దగ్గర నృసింహపూర్ రేవులో దాటితే కాల్నా. అక్కడి రేవులో మోటారు బళ్లని కూడా మన పంటులాంటి దాని మీద ఎక్కిస్తారు. 1809లో బర్ధమాన్ మహారాజు కట్టించిన 108 శివాలయాలు రెండు వలయాల్లో, బయట 74, లోపల 34. ఎండాకాలం ఆ రాతి నేల మీద వట్టి కాళ్లతో నడవాలంటే ఏడున్నర లోపే చేరాలి. ఆపైన నవద్వీప్, దాని ఎదటొడ్డున మాయాపూర్, ఇంకా పైకి ముర్షీదాబాద్. నవద్వీప్ దగ్గరికి వచ్చేసరికి సముద్రపు పోటు సత్తువ అయిపోతుంది. అక్కణ్ణుంచి నది ఒక్క దిక్కుకే పారుతుంది. నోట్‌బుక్‌లో పోటు వేళలు రాసుకున్న కాగితం చింపి బాబాయి మిగిలిన రెండు సందేశ్‌లు అందులో పొట్లం కట్టాడు.